బెన్హర్ గ్రహాలు

తడ ఊళ్లో కొట్లకు బోర్డులు రాసే రోజుల్లోనే బెన్హర్ గుట్టు బయటపడాల్సింది. కూరగాయల కొట్టు బోర్డు మీద పచ్చటి టమాటాలూ, ఎర్రటి బీరకాయలూ వేసి పెట్టాడు మహానుభావుడు. కొట్టతను నానా మాటలూ అన్నాడు. ఎరుపూ పచ్చా ఆయన కంటికి ఒకే మట్టిరంగని కనిపెట్టింది మాత్రం భార్య మగ్దలీనమ్మే.

ఇక బొమ్మలు మానేస్తానని కుంచెలు మూటగట్టిన మొగుణ్ణి చూసి ఆమె నవ్వింది. "మానడమెందుకయ్యా? ఆ వారపత్రికోళ్లు అంతరిక్షం సీరియల్‌కి బొమ్మలు అడిగినారు గదా. అక్కడి చెట్లు ఏ రంగో చూసొచ్చినోళ్లెవరు?"

అంతే. పాతికేళ్లపాటు బెన్హర్ వేసిన గ్రహాలకు లెక్కలేదు. రంగు డబ్బా ఆమె అందిస్తే తప్ప కుంచె ముంచేవాడు కాదు. అయినా మనుషుల మొహాలు పచ్చబడతాయని జడిసి అందరికీ హెల్మెట్లు తొడిగేవాడు. పాఠకులేమో ఎంత ఊహ, ఎంత ఊహ అని ఉత్తరాలు రాసేవాళ్లు. వాటిని మగ్దలీనమ్మ పైకి చదువుతుంటే ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. ఆహా, ఏం రోజులవి!

ఆమె పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ కుంచె ముట్టలేదు. అలాంటిది, పులికాట్ సరస్సు గట్టునున్న చిట్టమూరులోనే పుట్టి అక్కడి హైస్కూల్లోనే టీచరైన సుప్రియ ఇంటికొచ్చింది.

"చిన్నప్పుడు వారపత్రికలో మీ ఎర్రడవి గ్రహం బొమ్మ చూసే నేను సైన్స్ చదివినాను సార్. మా బడి గోడ మీద ఒక రాకెట్ వేయాల."

వేరే లోకంలోది కాదట. సరస్సు అవతల లేచే మన రాకెట్టే, గట్టు మీది సరుగుడు చెట్లతో సహా. ఆ చెట్లు చూడని పిల్ల ఆ బడిలో లేదు. వేస్తే పాతికేళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. కానీ సుప్రియ మొహం చూసి కాదనలేకపోయాడు.

సెలవురోజు ఒక్కడే కూర్చుని వేశాడు. మర్నాడు పిల్లలంతా గోడ ముందు చేరారు. వాణి అనే ఏడో తరగతి పిల్ల మెల్లిగా అడిగింది.

"తాతా, సరుగుడు చెట్లు ఎర్రగా ఉండాయే?"

ఇది వేరే గ్రహమమ్మా అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంటికెళ్లి చెప్పుకుని నవ్వడానికి మగ్దలీనమ్మ లేదు. ఆమె లేకుండా ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నాకు ఎరుపూ పచ్చా తెలీదమ్మా. మా ఆవిడే చెప్పేది. ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు," అని కళ్లు తుడుచుకున్నాడు.

సుప్రియ ముందుకొచ్చింది. "మరి ఆ ఎర్రడవి, సార్?"

"అది ఈ గట్టేనమ్మా, ఈ సరుగుడు చెట్లే. ఆమె లేకుండా వేసింది అదొక్కటే; పుట్టింటికి పోయినప్పుడు ఇక్కడే కూర్చోని, ఉన్నది ఉన్నట్టే వేసినాననుకున్నా. తిరిగొచ్చి చూసి, దిద్దొద్దయ్యా, ఇంత అందమైన లోకం నేనెప్పుడూ చూళ్లేదు అనింది."

"ఆ లోకానికి ఒక్కసారి పోయొస్తే చాలని చిన్నప్పుడు ఎంత ఏడ్చినానో సార్," అంది సుప్రియ.

"అక్కడే పుట్టినావు గదమ్మా," అన్నాడు బెన్హర్.