బియ్యం డ్రమ్ములో ఫోను

మా మేనమామ పోయాడు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, ఒక షిఫ్టు ముగించి ఇంకో షిఫ్టుకు నిలబడిన గంటకే కుప్పకూలాడు. గురువారం తిరుపతిలో క్లాసులో ఉండగా నాకు కబురు వచ్చింది. నేను బస్సు దిగి మామ ఇల్లు చేరేలోపే ఆయన చావుకు కారణం వీధంతా తేల్చేసింది: షేర్లు.

ఆ వారం మార్కెట్ పడింది, నిజమే. మామ షేర్లు కొనేవాడు, అదీ నిజమే. రెండు నిజాలను కలిపి ఒక అబద్ధం కుట్టడం ఎంత సులువో ఆ రోజు చూశాను. కోపం తగ్గాక రాయమన్నారు స్నేహితులు. తగ్గలేదు. రాస్తున్నాను.

మామ జీతంలో కొంత మిగిల్చి నెలకు ఒకటో రెండో షేర్లు కొనేవాడు. కొనేముందు ఎందుకు కొంటున్నాడో నోటుబుక్కులో ఒక వాక్యం రాయాలి. సెలవుల్లో ఆ వాక్యం నా చేత రాయించేవాడు. "ఈ కంపెనీ బాగుంది" అని రాస్తే కొట్టేసేవాడు.

"బాగుండాదంటే ఏంది పాపా? ఏం బాగుండాదో సెప్పు."

"అందరూ కొంటా ఉండారు మామా."

"అయితే అందర్నే పోయి అడుక్కో. నువ్వేం సూసినావో అది రాయి."

నేను అంగళ్లన్నీ తిరిగి, ఆ కంపెనీ సరుకు ఎలా అమ్ముడుపోతోందో చూసింది చూసినట్టు రాసేదాన్ని. మాటకు బరువుంటుందని నాకు తెలిసింది ఆ నోటుబుక్కులోనే.

సినిమాలంటే మామకు ప్రాణం. తన అభిమాన హీరో మొదటి ఆట ఏనాడూ వదల్లేదు. అదే హీరో ఒక ట్రేడింగ్ యాప్ ప్రకటనలో నవ్వుతూ కనిపించిన రోజు టీవీ కట్టేశాడు. "వంద మందిని ఒక్కడివే కొట్టినా నమ్మినా గదరా నిన్ను. దీనికి మాత్రం నమ్మను పో" అని ఆరిపోయిన తెరను తిట్టాడు.

మార్కెట్ పడినప్పుడల్లా షేర్లు చూసుకునే పెద్ద ఫోనును బియ్యం డ్రమ్ములో పాతిపెట్టి, పనికి బటన్ల ఫోను పట్టుకుపోయేవాడు. అంతా కుదుటపడిందని పేపర్లో చూసేదాకా తీసేవాడు కాదు.

"తడిసిన ఫోను పెడతారు బియ్యంలో. బాగుండేదాన్ని పెట్టేది నిన్నొక్కడినే సూసినా" అనేది అత్త.

"ఫోనుకు కాదు మే, నా సెయ్యికి. అమ్మేయమని దురద పెడతా ఉండాది. ఇంటర్వెల్ కాడ హీరో దెబ్బలు తింటా ఉంటే లేసొచ్చేస్తామా?"

"సెకండాఫ్ కూడా చెత్తగా ఉంటే?" అన్నాను ఒకసారి.

"అందుకే గదా వాక్యం రాయమనేది. కథేందో తెలిసి కూర్చోవాల."

చనిపోవడానికి పది రోజుల ముందు, నేను సెలవులకు వచ్చి ఉండగా, ఆయన నా చేత ఇంకో వాక్యం రాయించాడు. సెలవు చీటీ. ఛాతీలో ఎడమవైపు నొప్పి, రెండు వారాలుగా, మెట్లెక్కితే ఎక్కువవుతోంది, ఆసుపత్రికి వెళ్లడానికి రెండు రోజులు కావాలి. ఆయన నేర్పినట్టే ఒక్క మాట వృథా కాకుండా రాశాను. సీజన్లో కాయ ఆగదని మేనేజరు దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. మామ మడతపెట్టి నోటుబుక్కులో దాచి, నొప్పికి సోడా తాగి పనికి వెళ్లాడు.

మామ కర్మల్లో చిన్నదినం నాడు ఆ మేనేజరే పూలదండతో వచ్చాడు. కుర్చీలో సర్దుకుని, "షేర్ల టెన్షనమ్మా. ఆ ఫోను సూసుకుంటానే ఉండె" అన్నాడు. బంధువులు తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

అత్త వంటింట్లోకి వెళ్లి, డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఫోను తెచ్చి మేనేజరు ముందు పెట్టింది. ఛార్జింగు అయిపోయి నల్లగా ఉంది. అంచున బియ్యపు గింజ ఇరుక్కుంది.

"సోమవారం పెట్టినాడు సారూ. ఆపొద్దు నించీ ఈడే ఉండాది. జేబులో ఉండింది మీరు ఫోన్జేసే బటన్లదొకటే. రెండో షిఫ్టుకు ఉండమని గురువారం మీరు జేసింది అందులోనే ఉండాది, సూపించాల్నా?"

నేను నోటుబుక్కులోంచి సెలవు చీటీ తీసి ఫోను పక్కన పెట్టాను. ఆయన దాన్ని చదవలేదు. ఇదివరకే చదివాడు కదా. ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ షేర్ల మాట ఎత్తలేదు.

నేను తిరుపతికి బయలుదేరిన పొద్దున అత్త అన్నానికి బియ్యం తీస్తోంది. ఫోను తీసినచోట గుంట అలాగే ఉంది. అది పూడిపోకుండా, డ్రమ్ము అవతలి అంచు నుంచి పిడికిలి పిడికిలిగా తీసుకుంటోంది.