గీజరు ఆపిన వేలు

నవ్వితే నవ్వండి. కానీ ఇది జరిగింది... నాకే జరిగింది. కొడుకు మీద ఒట్టు వేద్దామంటే మా ఆవిడ సునీత ఊరుకోదు. అందుకని నా మీదే ఒట్టు.

ఐటీ ఉద్యోగాలు మంచి ఊపు మీదున్న రోజులు. మా ఆఫీసులో జీతం పెరిగిన ప్రతివాడూ ఇంటికి స్మార్ట్ స్విచ్చులు పెట్టించేవాడు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఫిల్మ్ నగర్‌లో ఒక పాత ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఒకప్పుడు అది సినిమా ఆఫీసట. బాబుకి మూడో నెల. వాడికి స్నానం చేయించడానికి యూసుఫ్‌గూడ నుంచి అంజమ్మ రోజూ ఆరింటికల్లా వచ్చేది. బాత్‌రూములో కాళ్ళు చాపుకుని కూర్చుని, వాడిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, కొళాయి తిప్పి వేడినీళ్ళు పట్టుకునేది. ఐదింటికే గీజరు దానంతట అదే ఆన్ అయిపోవాలి... అదీ నా సరదా.

బిగించడానికి ఎలక్ట్రీషియన్ యాదగిరి వచ్చాడు. గోడలో డబ్బా విప్పి తల గోక్కున్నాడు.

"పాత ఇల్లు సార్. గీ డబ్బాల న్యూట్రల్ వైరు లేదు. కరెంటు తిరిగి పోయే ఆ వైరు లేకుంటే గీ బోర్డు నడ్వది. జర అడ్జస్ట్ చేస్త."

అడ్జస్ట్ అంటే ఏమిటని అడగాలి కదా. రోజంతా ఆఫీసులో ఇతరుల తప్పులు వెతికే ఉద్యోగం నాది. అడగలేదు. గీజరు మీద ఎర్రలైటు వెలగ్గానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. మంచం మీద నుంచే ఫోన్‌లో గీజరు నొక్కాను. టప్... బాత్‌రూము వైపు చిన్న శబ్దం. ఆహా అనుకున్నాను. పది అంకెలు లెక్కపెట్టే లోపే... మళ్ళీ టప్. ఫోన్ వణికింది. గీజరు ఆఫ్ అయిందని చూపిస్తోంది. ఎక్కడి నుంచి ఆపారో కూడా చెబుతుందది. ఫోన్ నుంచి కాదు... బోర్డు మీద నొక్కి.

సునీత లేచిందేమో అని చూశాను. నా పక్కనే ఉంది. బాబు ఆమె చేతి మీద నిద్రపోతున్నాడు. వీధి తలుపు గడియ లోపలి నుంచే వేసి ఉంది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ... టప్.

లేచి వెళ్ళాను. బాత్‌రూము బయట బోర్డు. నున్నటి అద్దం మీద మూడు చుక్కలు... లైటు, ఫ్యాను, గీజరు. ఆఫ్‌లో ఉంటే నీలం, ఆన్ అయితే ఎరుపు. చుట్టూ చీకటి. నిజం చెబుతున్నా, భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉంది. కన్నార్పకుండా చూస్తూ ఫోన్ నొక్కాను.

మూడో చుక్క ఎర్రగా మారింది.

ఒకటి... రెండు... మూడు...

చుక్క కనిపించలేదు. ఆరిపోలేదు... మూసుకుంది. నెమ్మదిగా... ఒక పక్క నుంచి. టార్చి మీద వేలు పెడితే అంచుల్లో ఎర్రగా వెలుగు కనిపిస్తుందే... అలా. అక్కడ వేలు లేదు. ఎవరూ లేరు. టప్. మళ్ళీ కనిపించేసరికి నీలంగా ఉంది.

నా మొండితనం చూడండి... ఇంకోసారి నొక్కాను. ఈసారి నెమ్మదిగా కాదు. చాచి కొట్టినట్టు బోర్డు అదిరింది. నేను పరుగెత్తి దుప్పట్లో దూరి సునీత చెయ్యి పట్టుకున్నాను. ఐదింటికి పెట్టిన టైమరు తీసేయాలన్న ధ్యాసే లేదు.

ఆరింటికి అంజమ్మ వచ్చి, నీళ్ళు మంచులా ఉన్నాయని నన్ను తిట్టిపోసింది. స్టవ్ మీద కాచి పోశారు. ఫోన్ చూశాను. ఐదింటికి ఆన్. వెంటనే ఆఫ్... బోర్డు మీద నొక్కి.

స్విచ్చు చెడిపోయిందని యాదగిరిని పిలిచాను. గీజరు ఆన్ చేసి, అలవాటుకొద్దీ కొళాయికి టెస్టర్ ఆనించాడు. టెస్టర్ వెలిగింది. కొళాయికి కరెంటు. గబుక్కున మెయిన్ ఆపేసి నేల మీద చతికిలబడ్డాడు.

"గీజరు న్యూట్రల్ తీసి బోర్డుకిచ్చిన సార్. గీజరును ఎర్తు మీద నడిపించిన. మస్తు ఇండ్లల్ల గట్లనే చేస్తం. కింద ఎర్తు గుంత ఎండిపోయిందని చూడలే. కరెంటు భూమిలకు పోక కొళాయికెక్కింది."

ఐదింటికి ఆన్ అయిన గీజరు ఆగకపోయి ఉంటే, అంజమ్మ తడిచేత్తో ఆ కొళాయే తిప్పి ఉండేది. ఆమె కాళ్ళ మీద నా కొడుకు ఉండేవాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

యాదగిరి కొత్త వైరు లాగాడు. కొత్త బోర్డు కదా, పీసులోనే ఏదో దోషం ఉంటుందన్నాడు. ఉండొచ్చు. మరి లైటు, ఫ్యాను జోలికి ఎందుకు పోలేదు? ఆ బోర్డే ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ రోజు తర్వాత ఒక్కసారి కూడా దానంతట అది ఆగలేదు.

అప్పుడప్పుడు అందరూ పడుకున్నాక గీజరు ఆన్ చేసి ఆ చీకట్లో నిలబడతాను. ఒకటి... రెండు... మూడు... ఎవరూ ఆపరు. ఎవరో తెలిస్తే దండం పెట్టుకుందామని.