పోగు అతకడం రాని సారు

చాక్‌పీసు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను ధర్మవరం బడిలో లెక్కల సారును, ఉండేది హిందూపురంలో. ఎనిమిదో తరగతి పాప ఒకతె లెక్కలు చూసి రాసిందని అందరి ముందూ కేకలేశాను. అవి తను సొంతంగా చేసినవేనని తర్వాత తెలిసింది. అప్పటికే పాప బడి మానేసింది.

పాప ముందు తప్పు ఒప్పుకోవాలని బయల్దేరిన సోమవారం, రైల్లో కాలు నిలవలేదు. పెనుకొండలో దిగి ఇంటికి తిరిగి పోదామనుకున్నాను, కూత వినగానే మళ్లీ ఎక్కాను. సాయంత్రం వాళ్లింటికి వెళితే, పాప మగ్గం దగ్గర తెగిన పట్టుపోగులు అతుకుతోంది.

“తప్పు నాదేనమ్మా,” అన్నాను.

“ఈ పోగు అతకండి సార్, చూస్తాం,” అంది తలెత్తకుండా.

పోగు జారకుండా పాప లాగే వేళ్లకు బూడిద అద్దుకుని ఏడుసార్లు మెలిపెట్టాను. ఏడుసార్లూ ఊడిపోయింది.

మగ్గంలో కూర్చున్న వాళ్ల నాయన నవ్వాడు. “పాప నేర్పిస్తాదిలే సార్. మీ మాదిరి అరవదు.”

పాప నా వేళ్లు పట్టుకుని మెలి తిప్పించింది. పోగు నిలిచింది. మర్నాడే బడికి వచ్చింది.

ఆ చివరి మాటొక్కటే నా కల్పన. రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ గుమ్మం వైపు చూస్తూనే పాఠం చెప్పాను.