కుడికాలి స్పర్శ

మా ఆయన వెన్నుకు ఆపరేషన్ చేయించుకుని హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చేసరికి నాకు ఇరవై నాలుగేళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. వరంగల్ బజారులో మాకు ధాన్యం దుకాణం ఉండేది. గోదాములో పేర్చిన బస్తాల మీది నుంచి వెల్లకిలా పడి ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. రెండు కాళ్లూ మొద్దుబారాయి. పట్నం దవాఖానలో వెన్ను కోసి, నరాన్ని నొక్కుతున్న ఎముక ముక్క తీశారు. నెల తర్వాత రైల్లో పడుకోబెట్టి తెచ్చుకున్నాం.

డాక్టరు రాసిచ్చిన చీటీ ఉర్దూలో ఉంది. నాకు ఉర్దూ రాదు. బజారులో కుట్టుమిషను పెట్టుకుని దర్జీపని చేసే మా పక్కింటి సాయిబు దాన్ని చదివి చెప్పాడు. నేను ఆయనను అన్నా అని పిలిచేదాన్ని.

"రెండు నెల్లు లేవొద్దు, కూసోవద్దు చెల్లె. పక్కకు తిప్పాలంటె ఇద్దరు పట్టి ఒక్కసారే తిప్పాలె. రోజు పొద్దుగాల కాళ్లు ముట్టి చూడాలె. తెలుస్తలేదు అన్నడంటె ఒక్క దినం గూడ ఆగకుండ తోల్కరమ్మన్నడు."

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివాడు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చాయి.

మంచం మీద పాత తలుపు చెక్క వేసి, పలుచటి బొంత పరిచి ఆయనను పడుకోబెట్టాం. పొద్దున, సాయంత్రం దర్జీ అన్న వచ్చి భుజాలు పట్టుకునేవాడు. నేను నడుము కింద చేతులు పెట్టేదాన్ని. అన్న "బిస్మిల్లా" అనగానే ఒక్క ఊపున తిప్పేవాళ్లం. ఆయన పళ్లు బిగించి దూలాల వైపు చూస్తుండేవాడు. నూనె పెట్టి మర్దన చేస్తే తొందరగా లేస్తాడని మా అత్తమ్మ నమ్మకం. నేను వద్దన్నందుకు నాతో మాట్లాడడం తగ్గించింది. ఆమెకు ఆయన ఒక్కడే కొడుకు.

రోజూ స్నానం చేసి రాగానే ఆయన కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. రెండు పాదాల దగ్గరా చెరో చేయి పెట్టి, ఒక వేలు ముట్టి "ఏది?" అని అడిగేదాన్ని. "కుడి" అనేవాడు. "ఇప్పుడు?" "ఎడమ." ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఆ నాలుగు మాటలు వింటేగాని పొయ్యి ముట్టించాలనిపించేది కాదు.

మూడో వారంలో ముసురు పట్టింది. కొడుక్కు చలేస్తుందని అత్తమ్మ ఇటుక వేడిచేసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టింది. మధ్యాహ్నం పాదాలు తుడవబోతే కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

"మడమ మండుతలేదా మీకు?" అన్నాను.

"మండుతాంది. గంత ఫికర్ ఎందుకు?"

"ఏ మడమ?"

"ఎడమది."

నా చేతిలో తడిగుడ్డ అట్లాగే ఉండిపోయింది. పొద్దున అన్నీ సరిగ్గానే చెప్పాడు కదా! దుప్పటి సర్దడానికి చేయి చాపాను. గాజులు గలగలమన్నాయి. ఆయన కళ్లు ఆ చప్పుడు వైపు తిరిగాయి. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆయన గాజుల చప్పుడు విని, నా ఏ చేయి కదిలిందో చెప్పాడు, అంతే.

వంటింట్లోకి వెళ్లి సబ్బు నురగ రాసుకుని గాజులన్నీ తీసేశాను. రెండు పగిలి చేయి గీరుకుంది. తీయకుండా గాజులకు గుడ్డ చుట్టుకోవచ్చని తర్వాత తోచింది గాని ఆ నిమిషాన తోచలేదు. బోడి చేతులు చూసి అత్తమ్మ గోడకు ఆనుకుంది.

"ఏం పనే ఇది! మొగడు మంచంల ఉన్నడు, ఏం పని చేస్తివే!"

వచ్చి కూర్చుని ఆయన కుడి పాదం బొటనవేలు పట్టుకుని గట్టిగా నొక్కాను. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఏది?"

"ఎడమ."

చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను. "ఇప్పుడు?"

"కుడి," అన్నాడు. నేను రెండు చేతులూ పైకెత్తి చూపించాను.

"ఎన్నొద్దుల సంది?" అని అడిగాను.

"వారం దాటింది. ఎడమది జర తెలుస్తది. కుడిది లేదు."

"ఎందుకు చెప్పలే?"

"మళ్ల కోస్తరు. నా పక్క మంచమాయన్ను రెండోపారి లోపలికి తీస్కపోయిన్రు. మళ్ల రాలె." దూలాల వైపే చూస్తూ అన్నాడు. "నేను పోను. ఈన్నే ఉంట."

నుదురు ముట్టి చూస్తే కాలుతోంది. అత్తమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "నా కొడుకును మళ్ల కత్తి కిందికి పంపియ్య," అంది. నూనె మర్దన వద్దన్నది తప్ప, పెళ్లయి వచ్చినప్పటి నుంచి నేను ఆమెకు ఎదురు చెప్పి ఎరుగను.

"నేను తోల్కపోతున్న అత్తమ్మా. మీరొస్తె రాండ్రి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

దర్జీ అన్న మిషను మూసి వచ్చాడు. జట్కా కుదుపుతుందని, మా దుకాణం హమాలీలు నలుగురిని పిలిచి, ఆ చెక్కతోనే ఆయనను స్టేషను దాకా భుజాల మీద మోయించాడు. దారంతా తాను పక్కన గొడుగు పట్టి నడిచాడు. వానకు తడిసిన బురదలో ఎవరి కాలు జారినా నేను చెక్క అంచుకు చేయి అడ్డం పెట్టేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నా వైపు చూడలేదు.

పట్నం దవాఖానలో చూసి, గాయం లోపల చీము పట్టి నరాన్ని నొక్కుతోందన్నారు. గాయం తెరిచి తీసేశారు. ఇంకా ఆలస్యమైతే రెండు కాళ్లూ పోయేవని డాక్టరు అన్నప్పుడు, మా వెంట వచ్చిన అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికి వచ్చాక మళ్లీ అదే చెక్క, అదే తిప్పడం. కాని ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. మంచినీళ్లు కావాలన్నా తల్లినే పిలిచేవాడు. పొద్దున కాళ్లు ముట్టి అడిగితే ఎడమ కాలికి తల ఊపేవాడు, కుడి కాలికి కళ్లు మూసుకునేవాడు. నెల రోజులు అట్లాగే గడిచాయి. చేయాల్సిందే చేశానని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఒకరోజు కుడి పాదం తుడుస్తుంటే ఆయన విసుక్కున్నాడు.

"గోరు గుచ్చుకుంటాంది. తియ్యి."

నేను కదల్లేదు. ఆయనా ఏమన్నాడో అప్పుడే తెలుసుకున్నట్టు తల తిప్పి నన్ను చూశాడు. ఆయనే అత్తమ్మను పిలిచాడు.

ఆ కాలు పూర్తిగా మునుపటిలా కాలేదు. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చలికాలం రాకముందే కర్ర పట్టుకుని, పాదం ఈడుస్తూ దుకాణానికి బయలుదేరాడు. అప్పటికీ ఏది కావాలన్నా తల్లినే అడిగేవాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే, "అన్నం జర జల్ది పంపు," అన్నాడు.