ప్రభాకర్ అన్నయ్య తీసిన అమ్మ ఫొటో

నిన్న కాలేజీలో ఇన్విజిలేషన్ అయ్యాక ఫోన్ చూశాను. అన్నీ అమ్మ మిస్డ్ కాల్సే. తిరిగి చేశాను.

"ప్రభాకర్ పోయేడే. స్టూడియోలో కుర్చీలోనే ఒరిగిపోయేడంట. గుండెపోటంట."

నమ్మలేదు. మొన్న ఆదివారం చర్చి దగ్గర ఆగి పలకరించాడు.

ఆ వెంటనే నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. ఇక అమ్మకు చెప్పేవాళ్లెవరూ లేరు అనుకున్నాను. ఒక్క క్షణం గుండె తేలికపడింది.

మనిషి పోయాడని విన్న నిమిషంలో నేను అనుకున్నది అదీ.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. రాజోలులో మా వీధి చివరి ఫొటో స్టూడియో అన్నయ్యది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలతో ఇల్లు గడిచేది. ఖాళీ దొరికితే బైక్ వేసుకుని మలికిపురం, కాట్రేనికోన వైపు ఊళ్లన్నీ తిరిగేవాడు. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు అక్కడి ఇళ్లలో పని వదిలేసి, కట్టుబట్టలతో ఎడారి దాటి వచ్చిన మన ఆడవాళ్లను ఫొటోలు తీసేవాడు.

యుద్ధం గురించి అడిగేవాడు కాదు. వాళ్లిచ్చిన టీ తాగి, వాళ్లను ఇంకా వదలని అలవాటేదో కనబడేదాకా కూర్చునేవాడు. ఒకావిడ ఇప్పటికీ చెప్పులు తలగడ పక్కన పెట్టుకునే పడుకుంటుంది. ఇంకొకావిడ ఎక్కడికెళ్లినా సంచిలో బ్రెడ్ ప్యాకెట్ ఉండాల్సిందే.

మా అమ్మది నీళ్లు.

సరిహద్దు దగ్గర గుడారాల్లో నీళ్ల కోసం పడ్డ అవస్థ ఇంకా మర్చిపోలేదు. ఇంటి ముందు కాలువ, పెరట్లో బోరు. అయినా మంచం కింద వరసగా నీళ్ల బాటిళ్లు. రోజూ సాయంత్రం మూతలన్నీ బిగించి చూసుకుంటుంది. మేం నవ్వేవాళ్లం. అన్నయ్య మాత్రం నేల మీద బోర్లా పడుకుని, కిటికీ వెలుతురులో ఆ చేతుల్ని, అమ్మ మొహాన్ని తీశాడు.

పోయిన నెల అమలాపురంలో ఎగ్జిబిషన్ పెట్టాడు. ముందురోజు వెళ్లి చూశాను. అమ్మ ఫొటో కింద "కువైట్‌లో ఇంటి పనిమనిషి" అని ఉంది. మా కాలేజీలో అమ్మ అక్కడ నర్సు అని చెప్పుకున్నాను. మర్నాడు వాళ్లంతా వస్తారు.

నర్సు అని మార్చమన్నాను.

"అబద్ధం రాయలేనమ్మా. నీకు ఇబ్బందంటే తీసేస్తాను" అన్నాడు.

తీసెయ్యమన్నాను. అప్పటికప్పుడే గోడ మీంచి దింపేశాడు.

మర్నాడు అమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. హాలంతా రెండుసార్లు తిరిగింది. చివరికి అన్నయ్యనే అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"సరిగ్గా రాలేదండి పిన్నిగారూ. ఫోకస్ తప్పింది. నాదే పొరపాటండి."

నా వైపు చూడను కూడా లేదు.

అప్పట్నుంచీ ఎక్కడ కనబడినా అమ్మ వదిలేది కాదు. "ఊరందరినీ తీసి నా దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికిందా?" అని ఆట పట్టించేది. "ఆయ్, అవునండి" అని నవ్వేసేవాడు.

ఈ పొద్దున సమాధుల దగ్గర్నుంచి వచ్చాక అమ్మకు అంతా చెప్పాను. నర్సు మాట కూడా. గోడ మీంచి దింపిన రోజు అన్నయ్య నాకు పంపిన ఫొటో ఫోన్‌లో చూపించాను. తిడుతుందనుకున్నాను.

చాలాసేపు చూసింది.

"ఇంత బాగా తీసేడా. పదిమందిలో ఆ అబ్బాయికి పని రాదన్నానే. ఇప్పుడెవరికి చెప్పుకోను?"



ఫొటో ఇక్కడ, ఈ పోస్టుతో పెట్టమంది అమ్మే. కువైట్‌లో ఇంటి పనిమనిషి, మా అమ్మ. తీసింది ప్రభాకర్ అన్నయ్య. ఫోకస్ ఎక్కడా తప్పలేదు.

వెళ్లిరా అన్నయ్యా. నేనివ్వలేకపోయిన నెమ్మది ఆ ప్రభువు దగ్గర నీకు దొరకాలి.