పాక కథ అడిగితే ఇల్లొచ్చింది

పోయిన ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి కలకత్తా పక్కన సంత్రాగాఛిలో ఒక పాత ఇల్లు మాదైపోయింది. కొన్నది నేనే. కొన్నానని నాకు తెలిసేసరికి ఇంకో పావుగంట పట్టింది.

మావారు రైల్వే గార్డు. వచ్చే నెల రిటైరవుతున్నారు, క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. చూసిన ఇళ్లలో రెండు మిగిలాయి. ఒకటి కొత్త ఫ్లాటు. తాళం తీసి సామాను దింపుకోవడమే పని. రెండోది ఈ పాత ఇల్లు. పెచ్చులూడిన పైకప్పు, మూసుకోని తలుపులు, పెరట్లో ఒక పక్కకి ఒరిగిన పాక. మా అమ్మాయి సుజాత ఫ్లాటంది. ఆయనా ఫ్లాటే అన్నారు. నన్నూ అడిగారు. "మీ ఇష్టం" అన్నాను. పెళ్లయినప్పట్నుంచీ నా జవాబు అదే.

మనసులో మాట వేరు. ఆ ఫ్లాటులో దేవుడికి దొరికిన చోటు గ్యాసు సిలిండరు మీద ఒక చిన్న అర. మా అత్తగారు సోంపేట నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఇత్తడి సీతారాములు, పోపు వేసినప్పుడల్లా తుమ్ముతూ కూర్చోవాలి. పాత ఇంట్లో తూర్పున పూజగది ఉంది. చూసిన రోజే నా ప్రాణం అక్కడ పీట వేసుకుంది. కానీ కప్పు కారే ఇల్లు కొనమని ఏ ముఖంతో అడగను?

ఆదివారం వెళ్లింది, నిజానికి వద్దని చెప్పిరావడానికే. ధర ముందే మాట్లాడుకున్నాం, అవునో కాదో చెప్పడమే మిగిలింది. ఇంటావిడ పెద్దావిడ, అందరూ మాసీమా, అంటే పిన్నిగారూ, అంటారు. ఎదురుగా చెప్పడమే మర్యాదన్నారు మావారు. చెప్పేముందు కప్పు వంకలు ఇంకో నాలుగు పోగుచేసుకుందామని తండ్రీ కూతురూ మేడెక్కారు. నేనూ మాసీమా అరుగు మీద కూర్చున్నాం.

నాది కూరగాయల బెంగాలీ. క్వార్టర్సులో ఇరుగూ పొరుగూ శ్రీకాకుళం వాళ్లే, ఇంక నేర్చుకునేదెక్కడ? ఏ గదిలో ఎవరు పుట్టారో, ఏ గుమ్మం దగ్గర అత్తగారు తిట్టిందో మాసీమా చెప్పుకుపోతోంది. సగమే అర్థమవుతున్నా హాయిగా ఉంది. మా ఇంట్లో ఏ చెంబు ఎవరి సారెలో వచ్చిందో చెప్పేదాన్ని నేనే కదా. నా చూపు పెరట్లో పాక మీద పడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది. "తాహొలే, పాకా కొథా?"

పాక కథ! బజార్లో పాకా అంటే పండినదని నాకూ తెలుసు, అరటిపళ్లు అలా అడిగే కొంటాను. ఎదురుగా పాక పెట్టుకుని అరటిపండెందుకు గుర్తొస్తుంది? పెద్దావిడ కథ చెప్తానంటే వద్దనకూడదు. "హ్యా మాసీమా, పాకా కొథా" అని కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చున్నాను.

ఆవిడ కథ మొదలుపెట్టలేదు. లోపలికెళ్లి శంఖం ఊదింది. పక్కింటి ఆడవాళ్లు గోడ మీంచి తొంగిచూసి ఉలూ ఉలూ అని మంగళధ్వని చేశారు. మాసీమా నా నోట్లో ఒక సందేశ్ మిఠాయి కుక్కింది. ఈ పాకకి ఎంత మహిమ లేకపోతే ఇంత హడావిడా అని, దాని వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను.

శంఖం విని మావారు నెత్తి నిండా సున్నంతో దిగొచ్చారు. "ఏటే, ఏటయింది?"

"పాక కథ చెప్తారటండి" అన్నాను సందేశ్ బుగ్గన పెట్టుకుని.

వెనకే దిగిన సుజాత ఆవిడతో బెంగాలీలో రెండు మాటలు మాట్లాడి మెట్టు మీద కూలబడింది. "పాకా కొథా అంటే మాట ఖాయమా అని అమ్మా. ఇల్లు కొనీసేవు నువ్వు."

మాసీమా కళ్లు తుడుచుకుంటూ ఏదో చెప్తోంది. సుజాత తెలుగులో చెప్పింది. వచ్చినవాళ్లంతా ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతామన్నవాళ్లేనట. తన దేవుడి గదిలో దీపం పెట్టే మనిషి ఇన్నాళ్లకి దొరికిందట.

మావారు నన్ను పక్కకి పిలిచారు. "బాస తెలీక పొరపాటయిందని నాను సెప్పీగలను. ఆవిడేటీ అనుకోదు. నిజం సెప్పు, నీకు ఏ ఇల్లు కావాల?"

'మీ ఇష్టం' అనబోయాను. నోట్లో సందేశ్ అడ్డం పడింది. అది మింగేలోపు ఆలోచించుకోడానికి వ్యవధి దొరికింది. "నాకు ఆ పూజగది కావాలండి" అన్నాను.

ఆయన నెత్తి మీద సున్నం దులుపుకున్నారు. "కప్పు సంగతి నాను సూసుకుంతాను. నీ నోట మాట రావాలంటే మిఠాయి పెట్టాలని తెలిస్తే ఎప్పుడో తెద్దును కదే."

రాత్రయ్యేసరికి క్వార్టర్సంతా ఆయనే చాటింపు వేశారు, మా ఆవిడ ఒక్క మాటతో ఇల్లు ఖాయం చేసీసిందని. నేను కాదనలేదు.

అన్నట్టు, మేం బయల్దేరేటప్పుడు గుమ్మం దగ్గర మాసీమా ఇంకేదో అడిగింది. ఈసారి నోరు జారకూడదని ఊరికే తలూపి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే రిక్షావాడు మూత కట్టిన బుట్టొకటి మా గుమ్మంలో దింపాడు. లోపల మాసీమా పిల్లి. ఇల్లమ్మి ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్లిపోతోందట, అతను పిల్లిని తేవద్దన్నాడట, నేను పెంచుతానన్నానట. పాలు పోస్తే మొహం తిప్పుకుంది. కార్తీకం వచ్చిన దగ్గర్నుంచి ఉల్లిపాయ కూడా గడప దాటని ఇల్లు మాది. నేను దీపం పెడుతుంటే, మావారు సంచీ పట్టుకుని చేపల బజారుకి బయల్దేరారు. సుజాత బుట్ట ముందు కూర్చుని పిల్లికి బుద్ధులు చెప్తోంది.

"మాయమ్మ కాడ నువ్వు బెంగాలీలో అరవకే. ఇంకేటి కొనీస్తాదో."