మునీంద్ర సమాధి చుట్టూ కమ్మీలు

పాకాలకు అవతల రాళ్లమిట్ట కాలనీలో పార్కు ఊడ్చేది పోలేరమ్మ. పూలమొక్కల మధ్య బాటంతా అద్దంలా ఊడ్చి, నడుమ ఇనుప కమ్మీల కంచెలో ఉన్న మునీంద్ర సమాధి దగ్గరికి వచ్చేసరికి చీపురు పక్కకి తిప్పేస్తుంది.

"ఈ మిట్ట మీద తొలి గుడిసె వేసినవాడు" అని ఆ సమాధి మీద నల్లరాతిలో చెక్కించారు. సెంటు భూమి లేని జనం మిట్ట ఎక్కినప్పుడు మునీంద్ర ముందు గుడిసె వేసిన మాట నిజమే. మర్నాడే పక్కన గుడిసె వేసి, అందరికీ బావి తవ్వినవాడు పోలేరమ్మ మొగుడు చెంగల్రాయుడు. ఆ నీళ్లతోనే కాలనీ నిలిచింది. తాగినవాళ్లకు రాయి చెక్కించేటప్పుడు బావి గుర్తు రాలేదు. మునీంద్రను ఆయన పెరట్లోనే పూడ్చారు గనక పార్కు ఆయన చుట్టూ వచ్చింది. చెంగల్రాయుడు వంక ఒడ్డున ఉత్త మట్టిదిబ్బ కింద ఉన్నాడు. ఆయన పేరు కూడా ఆ రాతి మీద చేర్చమని పోలేరమ్మ అడగని మనిషి లేడు.

సమాధి చుట్టూ ఆకులు పేరుకున్నాయని పంచాయతీ మేస్త్రీ కోదండం గొణిగితే, "పేరున్నోడు గదప్పా, లేసి ఊడ్సుకోమను," అంది.

మునీంద్ర పోయిన రోజు తిరిగొచ్చింది. ఆయన భార్య దేవకమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి విస్తరాకులో పెట్టుకుని వచ్చింది. కమ్మీల గేటుకు తాళం. లోపల తిండి పెట్టకూడదని బోర్డు. ఆకు పట్టుకుని బయటే నిలబడిపోయింది. అది చూసి పోలేరమ్మకు కడుపులో మంట కొంచెం చల్లబడింది. ఆ చల్లదనానికి సిగ్గు కూడా పడలేదు.

"నీ బతుకే నయం పోలేరమ్మా," అంది దేవకమ్మ. "నీ మొగుడి పక్కన నేలమీద కూసుంటావు, బీడీ ముట్టించి పెడతావు. నాకు సూడు, జైల్లో మనిషికి కూడు తెచ్చినట్టుండాది."

తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఉందా! పోలేరమ్మ ఆ మాటను నెమ్మదిగా చప్పరించింది.

"పేరు నీ మొగుడికే ఉండాది గదక్కా."

"పేరు పక్కన కూసోనిస్తాదా?"

ఊడ్చేందుకని ఇచ్చిన తాళంచెవి పోలేరమ్మ కొంగు ముడిలోనే ఉంది. కాసేపు ఉండనిచ్చింది. ఆనక విప్పి గేటు తీసింది.

దేవకమ్మ రాతికి వీపు ఆనించి కూర్చుని, మొగుడితో ఇంటి సంగతులన్నీ చెప్పుకుంది. లేచేటప్పుడు సంగటి ముద్దను రెండు చేసి, ఒకటి వేరే ఆకులో పెట్టి ఇచ్చింది.

"దీన్ని చెంగల్రాయుడికి ఎత్తుకపో. ఇద్దురూ ఒకే సట్టిలో తిన్నోళ్లు."

"ఎత్తుకపోతా. పేరు సంగతి మాత్రం రేపు పంచాయతీలో నువ్వే అడగల్ల."

"అడుగుతాలే."

పోలేరమ్మ ఆకు అందుకుంది. సగమన్నది సగమేనా అని రెండు ముద్దల్నీ ఒకసారి పోల్చి చూసుకుని, వంక వైపు నడిచింది.